పుర్రచేతి ఉత్తరం

ఆకాశంలో గిరగిరా తిరిగే ఓ రాతిగుండు ఉంది. దానికి ఉత్తరం ఎటో, తూర్పు ఎటో కంప్యూటర్లో రాసిపెట్టడం ఓ ఇంటి కోడలి పని. బంగాళాదుంపకి ముందూ వెనకా చెప్పమన్నట్టే. అయినా చెప్పి తీరాలి, లేకపోతే అక్కడికెళ్లే నౌకకి ఎటు దిగాలో తెలీదు.

ముందు ఆ పని ఆమె మొగుడిది. ఒకే ఆఫీసు, పక్కపక్క కుర్చీలు. పోయిన చలికాలం గుండె ఆగి పోయాడు. ఇప్పుడా కుర్చీ మీద జనం బ్యాగులు పెడుతున్నారు. మనుషులకి ఖాళీ కనిపిస్తే చాలు.

నౌక దగ్గరపడ్డాక ఫొటోలొచ్చాయి. ఒక్క నీడా లెక్కతో కుదరదు. పైనుండాల్సిన గుంట కిందుంది. కోడలు వంటింట్లో కూర్చుని దుంప తిప్పి చూసింది. తిరిగే వైపుకి కుడిచేతి వేళ్లు ముడిస్తే బొటనవేలు చూపేదే ఉత్తరం. ఆమె వేలు పైకి చూపించింది. ఆయన రాసింది కిందికి.

అప్పుడు తట్టింది. ఆయనది పుర్రచెయ్యి. తిండికైనా, రాతకైనా ముందు ఎడమే లేచేది. ముడిచింది ఆ చెయ్యే.

దుంప కోసం అత్తగారొచ్చింది. "ఏంటే, మొహం అలా పెట్టావు?"

"ఆయన ఉత్తరం తప్పు రాశారత్తయ్యా."

"వాడు జన్మలో ఒక్క ఉత్తరం రాశాడా? ఎవరికి?"

కోడలికి నవ్వొచ్చి, సగంలోనే ఏడుపైంది. "ఆ ఉత్తరం కాదు, దిక్కు." అంతా విడమర్చింది. చెబితే ఆఫీసులో ఆయన పేరు పోతుంది. చెప్పకపోతే నౌక పోతుంది.

అత్తగారు దుంప చేతిలోకి తీసుకుంది. "వాడి చెయ్యి అంతేగా. నువ్వే చెప్పు. పరాయివాళ్లు కనిపెడితే నోటికొచ్చినట్టు అంటారు."

మర్నాడు ఆమె తప్పు సంగతి చెప్పగానే పెద్దసారు అడిగాడు. "ఎవరమ్మా చేసింది?"

"మా ఇంట్లోనే జరిగింది సార్. మా ఆయన ఎడంచేత్తో లెక్క చూశారు."

"ఆటల్లోనూ ఆ చెయ్యే మమ్మల్ని చంపింది," అన్నారెవరో.

దిద్దే పని ఆమెకే పడింది. ఆయన రాసిన వరసలు తన చేత్తోనే చెరిపింది. ఉత్తరం దక్షిణమైంది, తూర్పు పడమరైంది. ఆ గుండు మీద ఒక్క రాయి మాత్రం కదల్లేదు. కొలతలు ఎక్కణ్నుంచి మొదలెట్టాలో చెప్పడానికి ఆయన ఏరిపెట్టిన రాయి అది. దాన్ని ఉల్లిపాయ అనేవాడు. సున్నా గీత దాని మీదే. పైది కిందైనా సున్నా సున్నాయే.

సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే అడిగింది. "అంతా చెరిపేశావా?"

"ఉల్లిపాయ ఉందత్తయ్యా."

ఆవిడ లోపలికెళ్లి నిన్నటి దుంప తెచ్చింది. కూరలో వెయ్యలేదు. బల్ల మీద మెల్లగా తిప్పింది.

"మరి మనింట్లో ఉత్తరం ఎటే?"

కోడలు ఎడంచేతి వేళ్లు ముడిచి చూపించింది.