వంటింటి కిటికీకి చిలకల తెర

కిటికీకి అలంకారం చేయడం తీరిక ఉన్నవాళ్ళ సరదా అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను మాత్రం ప్రాణం అరచేతిలో పెట్టుకుని చేశాను. అది కూడా మంచం మీద పడుకుని.

అరవైల్లో, డ్యాము కడుతున్న రోజుల్లో మా ఆయనకు విజయపురి సౌత్‌లో ప్రాజెక్టు క్వార్టరు ఇచ్చారు. ఆయన వర్క్ ఇన్‌స్పెక్టరు. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, మధ్యలో సన్నటి వీధి, ఆ వీధి మొత్తానికి ఒక్క కుళాయి. ఆ కుళాయి సరిగ్గా మా వంటింటి కిటికీ ముందే పెట్టారు, ఎవడి తెలివో గాని. పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి నీళ్ళు వదిలేవాళ్ళు. ఆ రెండు పూటలా వీధిలోని ఆడవాళ్ళంతా బిందెలతో మా కిటికీ ముందే ఉండేవాళ్ళు. మేము ఏం తాలింపు పెట్టుకున్నామో మాకన్నా ముందు వాళ్ళకే తెలిసేది.

అప్పటికి రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. రెండుసార్లూ మా అత్తగారి ఊళ్ళోనే. మాచర్ల నుంచి ఎడ్లబండి మీద పోవలసిన మెట్ట పల్లె అది. మొదటిసారి బావి నీళ్ళు మోస్తూ మోస్తూ పోయింది. రెండోసారి ఆ రాళ్ళబాట మీద బండి కుదుపులకే పోయింది. నాకు సందేహం లేదు. మా అత్తగారి లెక్క వేరు. ఆసుపత్రి, పడక, మందులు, ఇవన్నీ ఒళ్ళు బద్ధకానికి పెట్టుకున్న పేర్లని ఆమె నమ్మకం. మమ్మల్ని క్వార్టరుకు పంపిస్తూ, "ఈసారి నెల తప్పిందని తెలిస్తే బండి కట్టుకొచ్చి తీసకపోతా. నా కళ్ళ ముందుంటేనే నీ కడుపు నిలబడుద్ది" అని చెప్పి మరీ పంపింది.

మూడోసారి నెల తప్పింది. ప్రాజెక్టు ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, ఐదో నెల దాటేదాకా మంచం దిగొద్దంది. బిందె ఎత్తకూడదు, రుబ్బకూడదు, బస్సు ఎక్కకూడదు, బండి మాట అసలే వద్దు. మంచానికి కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకోమంది. ఎలాగూ ఐదో నెల దాకా దిష్టి తగులుతుందని ఎవరూ చెప్పుకోరు కాబట్టి చెప్పకపోవడం కష్టం కాదు. వండటమే కష్టం. మనిషిని పెట్టుకుంటే వీధంతా తెలుస్తుంది. మా ఊరివాళ్ళు డ్యాము మీద కూలికి వచ్చి, శనివారం బస్సెక్కి ఊరికి పోయేవాళ్ళు. శనివారం మా కుళాయి దగ్గర పుట్టిన మాట ఆదివారానికల్లా మా అత్తగారి అరుగు మీద కూర్చుంటుంది. సోమవారానికి బండి మాచర్లలో ఉంటుంది.

అందుకని మా ఆయనే వండాలని తీర్మానం అయింది.

ఎసరు ఎప్పుడు మరుగుతుందో తెలియని మనిషి. పల్నాటి మగవాడు. వంటింట్లోకి చెంబు కోసం కూడా వచ్చి ఎరగడు. నేను వంటింటి గుమ్మంలో మంచం వేసుకుని పడుకుని, "ఆవాలు చిటపటలాడనీ... ఇప్పుడెయ్యి... అది పసుపు కాదయ్యా, ఇంగువ" అని నేర్పేదాన్ని. క్వార్టర్లలో కొత్తగా నిలబడి వండుకునే గట్టు కట్టారు. అది కిటికీ పక్కనే. మనిషి గట్టు ముందు నిలబడితే నడుము పైనుంచి మొత్తం వీధిలోకి కనిపిస్తుంది. మొదటి రోజు పొయ్యి ముందు వంగి వంగి, గొంతుక్కూర్చుని, దొంగలాగా వండాడు పాపం.

తలుపులు మూసేద్దామంటే కట్టెల పొయ్యి, పొగ. పైగా మూసిన కిటికీ ఊరుకోదు, అందరినీ పిలిచి అడిగించుకుంటుంది. ఒకరోజు మూసి ఉంచితే, "ఏందక్కా, ఒంట్లో బాగలేదా?" అని అడగనివాళ్ళు లేరు. నడుము పట్టేసిందని అబద్ధం చెప్పాను. ఎదురింటి డ్రైవరు భార్య, ఆదివారం తెల్ల చీర కట్టుకుని చర్చికి పోయే మనిషి, ఇంకేమీ అడగకుండా ఆ రోజు నుంచి రోజూ రెండు బిందెలు మా గుమ్మంలో పెట్టి పోయేది.

కిటికీ తెరిచే ఉండాలి, లోపల కనిపించకూడదు, దాచిపెట్టినట్టు అసలే ఉండకూడదు. ఎవరైనా చూస్తే, 'ఈవిడకు ఎంత సోకో' అనుకోవాలి. సోకులాడి అనిపించుకుంటే బిడ్డ దక్కుతుందంటే అంతకన్నా చవకేముంది!

మా ఆయన పాత గ్లాస్కో పంచె చింపించాను. ఊచలకు అడ్డంగా తాడు కట్టించి, కిటికీ కిందిసగానికి మాత్రం తెర. పైసగం పొగకు, వెలుతురుకు. తెర మీద గొలుసుకుట్టుతో రెండు చిలకలు ఎదురెదురుగా కుట్టాను. పైసగానికి గాజుల తోరణం. పగిలిన గాజుముక్కల్ని కొవ్వొత్తి సెగకు మెత్తబరచి, ఒకదాన్లో ఒకటి తగిలించి గొలుసులు చేశాను. ఎర్రవి, ఆకుపచ్చవి. గాలికి అవి గలగలమంటే లోపలి మాటలు బయటికి వినపడవని నా ఎత్తు. కిటికీ గూట్లో మరువం డబ్బా పెట్టించాను. అంతా అయ్యాక మిట్టమధ్యాహ్నం ఆయన్ని కుళాయి దగ్గర నిలబెట్టి, గట్టు దగ్గరికి మెల్లగా పోయి చెయ్యి ఊపాను.

"కనపడుతున్నానా?"

"చిలకలే కనపడుతున్నయ్," అన్నాడు ఆయన.

నాకు మాత్రం లోపల్నుంచి ఆయన, కుళాయి, వీధి, అన్నీ శుభ్రంగా కనిపించాయి. ఎంత గర్వపడ్డానో! ఆ సాయంత్రం ఆయన చాన్నాళ్ళ తర్వాత నడుము నిటారుగా పెట్టి చారు కాచాడు.

ఆడవాళ్ళు పొద్దునపూట మెచ్చుకున్నారు కూడా. "మాకూ ఓ చిలకని కుట్టియ్యక్కా" అన్నారు. కానీ సాయంత్రాలే ఏదో తేడాగా అనిపించసాగింది. పొద్దున బిందెల వంతు కోసం జుట్టు జుట్టు పట్టుకునేవాళ్ళు, సాయంత్రం అదే కుళాయి దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. ఒక నవ్వు లేచేది, ఎవరో "ష్" అనేవాళ్ళు, మళ్ళీ నీళ్ళ చప్పుడు. రోజూ ఇదే వరస. పడుకుని వినేదాన్ని నేను. నా గుండె నీళ్ళలో నానేసిన బట్టలా బరువెక్కేది. వీళ్ళకు తెలిసిపోయిందా? ఎట్లా తెలుస్తుంది? తెర ఉంది కదా? శనివారం వస్తే నాకు అన్నం దిగేది కాదు. గుసగుసలాడే ఆ నోళ్ళలో ఇంత బూడిద పొయ్య అని మనసులో తిట్టుకునేదాన్ని. ఆదివారం పోయి, సోమవారం పోయి, బండి రాకపోతే ఊపిరి పీల్చుకునేదాన్ని. మళ్ళీ శనివారం వచ్చేది.

నాలుగో నెల నిండుతుండగా ఒక సాయంత్రం, ఆయన గట్టు మీద చిన్న రోట్లో గోంగూర నూరుతున్నాడు. బయట నీళ్ళు వదిలారు. ఉన్నట్టుండి డ్రైవరు భార్య గొంతు వీధంతా వినపడేలా లేచింది.

"ఏంది పెద్దమ్మా, మాచర్ల బస్సుకొచ్చావా? ఇన్‌స్పెక్టరుగారి అమ్మవా? ఆ మూట దించు, మా ఇంట్లో కూసోని కాసిని మంచినీళ్ళు తాగి పో!"

ఆ మనిషి అంత గట్టిగా మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. నాకోసమే అరుస్తోందని అర్థమైంది. ఆ వెంటనే మా అత్తగారి గొంతు.

"నీళ్ళు మావాడింట్లో తాగుతాలేవే. ఆ కిటికీ ఇల్లేగా వాడిది? ఆ గుడ్డ మీద ఆడేదేంది, బొమ్మలాట మాదిరి?"

గుడ్డ మీద ఆడేదా?

తల తిప్పి చూశాను. వెనక గోడకు బల్బు. బల్బు ముందు మా ఆయన. ఆయన ముందు పల్చటి గ్లాస్కో తెర. తెర మీద నడుము నుంచి తల దాకా నీడ, చెయ్యి పైకి లేచి రోకలి దింపుతున్న నీడ. ఆ భుజానికి అటొక చిలక, ఇటొక చిలక. పుట్టినప్పటి నుంచి కిరసనాయిలు బుడ్ల వెలుతురులో పెరిగినదాన్ని. పగలు దాచిన గుడ్డ కరెంటు దీపానికి దాచదని నాకెక్కడ తెలుసు? సాయంత్రం వేళ నేను వీధిలో నిలబడి చూసిందీ లేదు. ఇన్ని రోజులుగా, ప్రతి సాయంత్రం, నీళ్ళు వదిలే వేళకు సరిగ్గా, మా ఆయన ఆ తెర మీద వీధి అంతటికీ వండి చూపిస్తున్నాడు.

"మా అక్కే పెద్దమ్మా, పచ్చడి నూరతంది," అంటోంది డ్రైవరు భార్య.

"మరి కొప్పేదే మీ అక్కకి?"

"జుట్టు... జుట్టు పైకి చుట్టుకుంది."

"ఆ మెడ నేను కన్నది. నాకు చెప్పొద్దు."

ఆయన రోకలి పట్టుకుని కొయ్యబారిపోయాడు. "లైటు తీసెయ్యనా?" అన్నాడు, గుసగుసగా.

"ఇప్పుడా!" అన్నాను పళ్ళు నూరుతూ.

అత్తగారు లోపలికి వచ్చింది. చంకలో మూట, మూట మీద మడత పెట్టిన పెద్ద బొంత. కొడుకు చేతుల వంక చూసింది. నా వంక చూసింది. తర్వాత కిందికి, మంచం కోళ్ళ కింద ఇటుకల వంక చూసింది. 

"ఎన్నో నెల?"

"నాలుగు నిండొస్తంది."

"అనుకున్నా. కబురూ కాకరకాయా లేకపోతే అనుకున్నా. బండి మాచర్లలో ఆపించొచ్చా. పొద్దున బస్సుకి పోదాం. ఇదుగో, బండిలో పరవటానికి బొంత కూడా తెచ్చా."

"నేను రాను."

ఆమె ముందు ఆ మాట నేను అంతకు ముందు అనలేదు. ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. మా ఆయన, "అమ్మా, డాక్టరమ్మ..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నేను రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, "చంపినా రాను అత్తా. ఇది కూడా పోతే నేను బతకను" అన్నాను. ఏడవకూడదనుకున్నాను గాని ఏడ్చాను.

ఆమె గట్టు దగ్గరికి పోయి తెర పక్కకు లాగింది. కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది, కట్టేసేవాళ్ళు లేరు. ఆడవాళ్ళంతా ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఒక్క డ్రైవరు భార్య మాత్రం ఇటు తిరిగింది.

"ఎన్నాళ్ళ నుంచి సాగుతందే ఇది?" అని అడిగింది అత్తగారు.

"ఏది పెద్దమ్మా?"

"మావాడి వంట."

"మేమెవరం ఏం చూళ్ళేదు పెద్దమ్మా."

వెనక నుంచి ఇంకో గొంతు, తిరక్కుండానే, "సాయంత్రం పూట మేం అసలిటు తిరగం" అంది.

ఇన్ని శనివారాలు. మా ఊరి కూలీలు ఇదే వీధిలోంచి నడిచి బస్సెక్కిన శనివారాలు. ఒక్క మాట కూడా మాచర్ల దాటలేదు. నేను బూడిద పొయ్య అని తిట్టుకున్న నోళ్ళు అవే.

అత్తగారు తెర మళ్ళీ సరిచేసింది. తర్వాత మూట మీది బొంత తీసి, విప్పి, చిలకల వెనక తాడు మీద వేసింది. చివరలు ఊచల్లోకి గట్టిగా దోపింది. వీధికి ఆ బొమ్మలాట అక్కడితో ఆగిపోయి ఉంటుంది. బండిలో నాకు పరవడానికి తెచ్చిన బొంత అది.

మా వైపు తిరగకుండానే మాట్లాడింది. "మీ మామ ఒక్కనాడు నాకు కడవ ఎత్తి పెట్టాడు. ఈడికంటే ముందు, తొలి కడుపుతో ఉన్నప్పుడు. బావి కాడ అందరూ చూసి నవ్వారు. మళ్ళా ఎత్తలేదు."

తొలి కడుపు ఏమైందని నేను అడగలేదు. మా ఆయన ఒక్కడే సంతానం.

"తప్పుకోరా," అంది కొడుకుతో. "గోంగూరలో ఇంత ఉప్పా?"

మర్నాడు బండి ఖాళీగా ఊరికి పోయింది. ఆమె మాత్రం ఉండిపోయింది. ఆమె ధోరణి మారిందనుకుంటే పొరపాటే. పొద్దున కుళాయి దగ్గర నిలబడి, "మా కోడలికి ఒళ్ళంతా బద్ధకం, నడుం వంగదు" అని నన్ను దుమ్మెత్తి పోసేది, దిష్టి తగలకుండా. ఆడవాళ్ళందరూ, "అవునవును పెద్దమ్మా, ఈ కాలం పిల్లలంతే" అని వంత పాడేవాళ్ళు. దీపాల వేళకు తెర వెనక బొంత వేసేది.

కాన్పు ప్రాజెక్టు ఆసుపత్రిలోనే అయింది. ఆడపిల్ల. పసిగుడ్డును చుట్టే పొత్తిగుడ్డకు బాగా నలిగిన మెత్తటి బట్టే కావాలి, కొత్తది పనికిరాదు. అత్తగారు ఇంటికి పోయి, కిటికీ తెర విప్పి, ఉడికించి ఆరేసి తెచ్చి, అందులోనే పిల్లను చుట్టింది. ఒక చిలక పొట్ట మీదికి వచ్చింది.

నన్ను ఇంటికి తెచ్చిన సాయంత్రం కిటికీకి ఏమీ లేదు. తెర లేదు, బొంత లేదు, గాజుల తోరణం ఒక్కటే ఉంది. బల్బు వేసి ఉంది. నేను పిల్లను ఎత్తుకుని గట్టు దగ్గరికి పోయి నిలబడ్డాను. దిష్టి అని మా అత్తగారు ఒక్క మాట అనలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా చంకల్లోని బిందెలు కింద దించి, ఇటు తిరిగి, తనివితీరా చూశారు.