వేళ్లకు అంటిన వెల్లుల్లి వాసన

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపినా జ్వోన్కో చేతిలో ఒక్క మనిషికీ గీత పడలేదు. ఈ మాట అతను వినేవాళ్లకు విసుగెత్తేదాకా చెప్పేవాడు. భార్య పోయాక గోడలు చూస్తూ కూర్చోలేక, చర్చివాళ్ల తెల్ల ట్రక్కు తాళం తానే అడిగి పుచ్చుకున్నాడు. ప్రతి శుక్రవారం జాగొర్యె కొండల్లో ఊరూరా తిరిగి, మిగిలిన రొట్టె, రైతులిచ్చే బంగాళాదుంపలు పోగుచేసి పట్టణంలోని వంటశాలకు చేర్చేవాడు. ఒంటిగంటకు అరవైమంది అక్కడ సూపు కోసం కూర్చునేవారు. వాళ్లలో చాలామందికి ఆ రోజుకు అదే తిండి.

ఆ ఏప్రిల్ శుక్రవారం ఆఖరున ఆగింది బారిత్స అత్త ఇంటి దగ్గర. ఎనభై దాటిన మనిషి, అయినా ఏటా అడవికి వెళ్లి పెట్టెడు అడవి వెల్లుల్లి ఆకు కోసి ఇస్తుంది.

"పదిన్నర దాటింది. బస్సు నడిపినప్పుడూ ఇంతేగా నువ్వు!"

"నా బస్సు ఏనాడూ ఆలస్యం కాలేదత్తా. నువ్వే అరగంట ముందొచ్చి నిలబడి నన్ను తిట్టేదానివి."

"సర్లే, ఎత్తుకో. నాకూ ఒక గుప్పెడు ఉంచుకున్నా."

పెట్టె చూపించబోయి ఆమె పక్కనున్న కుర్చీని తడిమింది.

"కళ్లు బాగా కనిపిస్తున్నాయా అత్తా?"

"ఆకు కోయడానికి కళ్లెందుకురా? ముక్కు చాలదూ?"

ఆ మాటా నిజమే. అడవి వెల్లుల్లి పక్కనే అచ్చం దానిలాంటి విషపు ఆకు మొలుస్తుంది. దానికి ఆ వాసన ఉండదు. నలిపి వాసన చూడమని ఆ కొండల్లో మాటలొచ్చిన ప్రతి బిడ్డకీ నేర్పుతారు. జ్వోన్కో ఒక ఆకు నలిపాడు, వెల్లుల్లి గుప్పుమంది. పైనుంచి రెండు, అడుగునుంచి మూడు నలిపాడు. అన్నీ వెల్లుల్లే. పెట్టె ఎక్కించాడు.

వంటశాలలో వంటమనిషి ల్యెర్కా పెట్టె అందుకుని కత్తి తీసింది. జ్వోన్కో బయట ట్రక్కు ఊడ్చి, ఆపిల్ పండొకటి కొరికాడు. పండు వెల్లుల్లి వాసన కొట్టింది. నవ్వొచ్చింది. మరో ముక్క కొరకబోయి ఆగిపోయాడు. ఛీ, తన వేళ్లే! మొదటి ఆకు నలిపాక ఇక ఏం పట్టుకున్నా అదే వాసన కదా. గడ్డిపరక నలిపినా వెల్లుల్లే అనుకునేవాడు! అత్త వేళ్లూ అంతే.

పంపు దగ్గర సబ్బుతో రుద్ది రుద్ది చేతులు కడుక్కున్నాడు. ట్రక్కులోంచి ఊడ్చిపోసిన ఆకులు రెండు తీసి, ఒక్కో చేత్తో ఒక్కోటి నలిపాడు. ఒకటి వెల్లుల్లి. రెండోది ఒట్టి పసరు. దేవుడా!

లోపలికి పరిగెత్తేసరికి ల్యెర్కా సూపు గుండిగలో గరిటె ముంచేసింది.

"ఆపు! ఎవరూ నోట పెట్టుకోవద్దు!"

"మతి పోయిందా నీకు? బయట అరవైమంది నిలబడ్డారు!"

"అందులో విషపు ఆకుంది, ల్యెర్కా!"

గుండిగ మొత్తం తూములోకి వంచేశాడు. "నోటికాడ కూడు పారబోశాడు, వీడి చేతులు విరిగిపోను" అని కిటికీలోంచి చూసిన ఒకాయన అరిచాడు. తిట్టుకోనీ. ఒక్కరూ చెంచాడు మింగలేదు, అది చాలు. జ్వోన్కో గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో అత్త ఉంచుకున్న గుప్పెడు గుర్తొచ్చింది.

అత్తకు చేసిన ఫోను మోగి మోగి ఆగిపోయింది. ట్రక్కు ఎగిరెగిరి పడుతూ కొండ ఎక్కింది. బారిత్స అత్త గడపలో ఎండ కాచుకుంటూ కూర్చుంది. పక్కన రొట్టెతో తుడిచిన పళ్లెం.

"ఏరా, మళ్లీ వచ్చావే?"

"ఆ ఆకు తిన్నావా అత్తా?"

"నువ్వటు వెళ్లగానే. బంగాళాదుంపల్లో కలుపుకుని రెండు పళ్లేలు లాగించా."

బుగ్గలు ఎర్రగా, నిండుగా ఉంది మనిషి. ఆ విషం గంటల తరబడి కడుపులో సద్దు చేయకుండా కూర్చుంటుందని జ్వోన్కోకు తెలుసు.

"లే. అందులో విషపు ఆకు కలిసింది. ఆసుపత్రికి పోదాం."

"నీ మొహం!" అని నవ్వి, ఆమె తన వేళ్లు అతని ముక్కు కింద పెట్టింది. "చూడు. వెల్లుల్లి కాదూ?"

"వెల్లుల్లే అత్తా." ఆమెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు.

దారంతా ఆమె సణుగుతూనే ఉంది. మూడో మలుపులో మాట ఆపి, కడుపు మీద చేయి వేసుకుంది.

"కాస్త నెమ్మదిగా పోనీరా. నువ్వు బండి తోలే తీరుకి నాకు వికారం పుడుతోంది."