కొండనాలుక నొక్కే చెయ్యి

సహోదరులారా, సహోదరీలారా, ఆ రోజులు ఇప్పుడు తలచుకుంటే నీళ్లలోంచి చూసినట్టు మసకమసకగా కనబడతాయి, కానీ మా ఆయన ఊపిరి లాగిన చప్పుడు మాత్రం ఈ చెవుల్లోంచి పోలేదు.

మాది నగరిలో మరమగ్గాల వీధి. గొంతు నొప్పంటే వీధంతా నా దగ్గరికే వచ్చేది. చెంచా కాడకు ఉప్పూ మిరియాల పొడీ అద్ది, కళ్లు మూసి ఒక్క మాట ప్రార్థన చేసి కొండనాలుక నొక్కితే నొప్పి తీసేసినట్టు పోతుందని అందరూ అనేవాళ్లు, నేనూ నమ్మాను, దేవుడు నా చేతిలో స్వస్థత పెట్టాడని ఈ సంఘంలోనే ఎన్నోసార్లు నిలబడి చెప్పాను, ఎంత గర్వమో చూడండి!

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున మా ఆయనకు గొంతు నొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది, నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు మాట మారిపోయింది, ఉమ్మి కూడా మింగలేక తువ్వాలులోకి కార్చుకుంటూ, మంచం అంచున ముందుకు వంగి గడ్డం చాచి కూర్చున్నాడు. పడుకోబెడితే కొట్టుకుని లేచాడు. నాకు కోపం వచ్చింది. "ఏందబ్బా, సిన్నపిల్లోడి మాదిరి సేస్తా ఉండావు? నోరు తెరువు, ఒక్క నొక్కు నొక్కితే సరిపోతాది" అని చెంచా తెచ్చాను. ఆయన చేత్తో వద్దు వద్దంటున్నా వినలేదు.

"ప్రభువా, నా చేతిని వాడుకో" అని కళ్లు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది! వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, లోకమంతా ఎక్కడికో తేలిపోయినట్టయింది, ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క చప్పుడు, మా ఆయన ఊపిరి లోపలికి లాగినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు. ఎన్ని గొంతులు చూశానో గానీ అలాంటిది ఎన్నడూ వినలేదు. నా చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

ఎదురింట్లో ఉండే మన సంఘం నర్సమ్మ సునీతను కేకేశాను. వాకిట్లోనే ఆ చప్పుడు విని, "అక్కా, సెంచా పారెయ్! నోట్లో ఏమీ పెట్టొద్దు, పండబెట్టొద్దు, ఎట్ల కూసున్నాడో అట్లే కూసోనీ. ఊపిరి పోయే దారి మూసుకుంటా ఉండాది" అంటూ తనే 108కి ఫోన్ చేసింది.

పుత్తూరు దాటి తిరుపతి దాకా ఆయన ఆక్సిజన్‌తో కూర్చునే వచ్చాడు. కిటికీలో కొండలు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి, అది మెలకువో కలో నాకు తెలియలేదు, "ప్రభువా, నా చెయ్యి వద్దు, నీ చెయ్యి చాలు" అని మాత్రం అంటూనే ఉన్నాను. డాక్టర్లు నేరుగా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకుపోయి, మత్తిచ్చి, గొంతులోకి గొట్టం వేసి ఊపిరి నిలబెట్టారు, నరంలోకి మందులు ఎక్కించారు. గాలిగొట్టం మీద మూతలాంటి చిన్న కండ ఉంటుందట, అది వాచిపోయిందట. "చెంచాతో నొక్కింటే అక్కడికక్కడే ఊపిరి ఆగిపోయేదేమో తల్లీ" అని డాక్టరమ్మ చెప్పింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆ రోజు నా ఇంట్లో, నా చేతి మీదుగానే జరగబోయింది!

మూడో రోజు గొట్టం తీశారు. ఆయన బొంగురు గొంతుతో, "ఆకలైతా ఉండాదే" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అంత తియ్యటి మాట నేను వినలేదు. దేవునికే మహిమ!

ప్రియులారా, ప్రభువును నమ్మండి, మొరపెట్టిన వాళ్లను ఆయన విడిచిపెట్టడు. అయితే ఇంట్లో ఎవరైనా ఉమ్మి మింగలేక, ముందుకు వంగి, ఈల వేసినట్టు ఊపిరి లాగుతుంటే, ప్రార్థన తప్పక చేయండి, కానీ 108లో కూర్చుని చేయండి. దేవుడు నా చేతిని వాడుకున్నాడని ఇన్నాళ్లూ సాక్ష్యం చెప్పాను, ఈరోజు నా చేతిని ఆపాడని చెబుతున్నాను.