చేపనూనె పూసిన కారు

సీతమ్మధారలో మా తమ్ముడి ఇంటి వెనుక రేకుల షెడ్డు తలుపు తీస్తే ముందుగా తడిసి ఆరిన ఇనుము వాసన వస్తుంది, దాని వెనకే పాత రెక్సిన్ సీట్ల వాసన, ఆ సీట్లలోంచి ఎలుకలు లాగి పడేసిన కొబ్బరిపీచు వాసన. లోపల మా నాన్న అంబాసిడర్ కారు ఉంది. నాన్న పోయాక తమ్ముడు సూరిబాబు చాలా ఏళ్ళు నడిపాడు. ఎడమ మోకాలు చెడి క్లచ్ తొక్కలేకపోయిన ఏడాది కారు షెడ్డులోకి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. ఈ మధ్య నేను దాని తలుపు మీద చెయ్యి వేస్తే రంగు పెచ్చులు అరచేతికి అంటుకున్నాయి. తలుపు కింది అంచు కాల్చిన అప్పడంలా విరిగి నేల మీద పడింది.

ఆ స్థలంలో అపార్ట్‌మెంటు కడుతున్నారు. నెలాఖరుకు షెడ్డు ఖాళీ చెయ్యాలి. కారు బాగు చేయించుకుందామని తమ్ముడు, అమ్మేద్దామని వాడి అప్పను, అంటే అక్కను, నేను. నాన్న పోయే ముందు “ఇది మీ ఇద్దరిదీ” అన్నాడు గనుక నేను సరే అననిదే వాడు ఒక్క మేకు కూడా మార్చడు. అలాగని బతిమాలడమూ వాడికి చేతకాదు. నేను ఉద్యోగమంతా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. బాగు చేయించడానికయ్యే ఖర్చు, బాగైన కారుకు వచ్చే ధరను మించిపోతుందని కాగితం ముందు పెట్టుకోకుండానే నాకు తేలిపోయింది. కొనేవాడు కూడా దొరికాడు. పెళ్ళికాబోయే జంటలకు ఫొటోలు తీసే యువకుడు. భీమిలి దారిలో సముద్రం ఒడ్డున కారును ఉన్నదున్నట్టుగా నిలబెట్టి, దాని బానెట్ మీద జంటలను కూర్చోబెడతాడట.

“తుప్పు మాత్రం ముట్టుకోకండి మేడమ్, అదే దీని అందం,” అన్నాడు.

తమ్ముడు ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆదివారం సాయంత్రంలోగా చెబుతానని నేను ఆ యువకుడిని పంపించాను.

తుప్పును అందమన్న మనిషిని నాన్న గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. ఆయనది పద్మనాభం దగ్గర పల్లె. వరి పండించే ఇంట్లో పుట్టి, పట్నం వచ్చి, ఓడల సరుకు వ్యవహారం చూసే ఒక దొర దగ్గర డ్రైవరుగా కుదిరాడు. ఆ దొర ఊరు వదిలి వెళ్తూ, అప్పటికే బాగా వాడేసిన ఈ కారును నాన్నకు చవకగా వదిలేసి పోయాడు. నాన్న దాన్ని టాక్సీగా తిప్పాడు. మేం అప్పుడు వన్‌టౌన్‌లో ఉండేవాళ్ళం, మా ఇంటికీ సముద్రానికీ మధ్య రెండే వీధులు. ఆ గాలికి కిటికీ చువ్వలు, తలుపు గొళ్ళేలు, అమ్మ బియ్యం డబ్బా మూత, తమ్ముడు ఆడుకునే ఇనుపచక్రం, అన్నీ ఎర్రబారేవి. వేసవి మధ్యాహ్నాలు గాలి తిరిగినప్పుడు నాలుకతో పెదవి తడుపుకుంటే ఉప్పగా ఉండేది. నాన్న తెల్లవారగానే బావినీళ్ళతో కారు కడిగి, నానిన గోనెతో చక్రాలు రుద్ది, పాత పంచెతో అద్దాలు తుడిచి, చివరికి తన మొహం కడుక్కునేవాడు. కాళ్ళు దులుపుకోకుండా ఎక్కబోయినవాళ్ళు ఎంత పెద్ద ఆఫీసరైనా తలుపు పట్టుకుని నిలబడి “బాబూ, కాళ్ళు” అనేవాడు.

ఇంత చేసినా ఉప్పుగాలి కారును అడుగునుంచి తినేసింది. వెనక సీటు ముందు నేలరేకుకు బొక్క పడింది. నాన్నకు అది దిగులు, మాకు పండగ. వేసవి సెలవుల్లో పద్మనాభం వెళ్ళేటప్పుడు నేనూ తమ్ముడూ తలలు ఆనించుకుని ఆ బొక్కలోంచి రోడ్డు పరుగెత్తడం చూసేవాళ్ళం. పట్నం దాటేదాకా నల్లగా, తరువాత కంకరగా, ఆ తరువాత ఎర్రమట్టిగా, మామిడి తోపుల నీడ పడ్డచోట చల్లగా, ఎడ్లబండి ముందు వెళ్ళి ఉంటే పేడగా. జీడిమామిడి పండ్లు తిని పిప్పి అందులోంచి జారవిడిచేవాళ్ళం. చింతపిక్కలు ఒక్కొక్కటే వదిలి, తిరుగు ప్రయాణంలో వాటికోసం వెతికేవాడు తమ్ముడు. వాడికి అప్పుడు ఏడేళ్ళు. ఎనిమిదని వాడంటాడు గాని, వాడు బడిలో చేరిన మరుసటి ఏడాది అది.

ఆ ఏడాదే నాన్న చెల్లెలు పైడమ్మత్తకు సబ్బవరం సంబంధం కుదిరి వైశాఖంలో పెళ్ళైంది. ఆషాఢమంతా అత్త మా ఇంట్లోనే ఉంది. శ్రావణం రాగానే సారెతో అత్తవారింట దిగబెట్టాలి. మా వైపు సారె, పల్లె మాటలో సారి, అంటే పిల్లతోపాటు నాలుగు మిఠాయిలు పంపడం కాదు, అత్తవారి ఊళ్ళో ప్రతి ఇంటికీ పంచాలి. ఏ ఇంటికి అందకపోయినా, ఏ అరిసె గట్టిబడినా ఆ మాట పిల్ల ముసలిదయ్యేదాకా వినపడుతుంది. మా నడవలో వారం రోజులు పొయ్యి ఆరలేదు. తడిపిన బియ్యం దంచే రోకళ్ళ చప్పుడు, బెల్లం పాకం పొంగి నిప్పుల మీద పడితే వచ్చే కమ్మని మాడు వాసన, అరిసెలు వత్తే చెక్కల మధ్య నూనె చుక్కలు, చలిమిడిలో వెయ్యడానికి కొబ్బరి ముక్కలు తరుగుతూ సగం మా చేతుల్లో పెట్టే అత్త. పోకుండలు, కజ్జికాయలు, మినప సున్నుండలు వెదురు బుట్టల్లో పేర్చి, పైన కోరాగుడ్డ కప్పి తాడు కట్టారు.

నాన్న మాత్రం వంటల దగ్గర లేడు. వియ్యాలవారి వాకిట్లో బొక్కల కారు దిగితే చెల్లెలికి తలవంపులని ఆయన పట్టుదల. బొక్కకు రేకు అతికించాడు. డిక్కీ అడుగు కూడా పలచబడిందని చూసి, పెదజాలరిపేటలో పడవలు నడిపే తన స్నేహితుడు ఎర్రయ్యను పిలుచుకొచ్చాడు. ఎర్రయ్య కారు కింద దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే.

“సెక్క పడవైనా ఇనప్పడవైనా సముద్రానికొకటే బావా. సొరనూనె పుయ్యి. పదేళ్ళు నాను పూచీ.”

జాలర్లు పడవలకు పూసే సొరచేప నూనె అది. ఇద్దరూ కలిసి కారు అడుగంతా పూశారు, డిక్కీ లోపల కూడా మూలమూలలా పూశారు. పడవ ఒడ్డున ఎండలో పడి ఉంటుంది, డిక్కీకి మూత ఉంటుంది, పైగా అది శ్రావణం, వాన వదలడం లేదు. ఈ సంగతి ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

“ఇదేటి, ఇంత కంపు?” అంది అమ్మ.

“ఆరిపోద్దిలే,” అన్నాడు నాన్న.

వీధిలో పిల్లులన్నీ కారు కింద చేరాయి. అమ్మ డిక్కీలో వేపాకు పరిచింది, కర్పూరం పెట్టింది. మాది చేపల రేవుకు దగ్గరి ఇల్లు. ఆ వాసనలో పుట్టి పెరిగిన మా ముక్కులు రెండోరోజుకే అలవాటుపడి, పోయిందనుకున్నాయి. ముహూర్తానికి బుట్టలు డిక్కీలో సర్ది, మూత దించి బయలుదేరాం. కొంత దూరం వాన, కొంత దూరం చురుక్కుమనే ఎండ. కొత్త చీరలో అత్త మధ్యన, నేనూ తమ్ముడూ అటూ ఇటూ. బొక్క మూసేసినందుకు తమ్ముడు సబ్బవరం వచ్చేదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

అక్కడ వాకిట్లో ఊరి ఆడవాళ్ళంతా చేరి ఉన్నారు. నాన్న గొప్పగా డిక్కీ మూత ఎత్తాడు. మొదటి వరసలో వాళ్ళు వెనక్కి జరిగారు. కోరాగుడ్డలు విప్పితే అరిసెల్లోంచి, చలిమిడిలోంచి అదే వాసన. ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, ఆమెను చూసి మిగతావాళ్ళూ పెట్టుకున్నారు. అమ్మ నేలచూపులు చూస్తోంది. పైడమ్మత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆ ఊళ్ళో కాపురం చెయ్యాల్సిన మనిషి.

అప్పుడు అత్త మొగుడి నానమ్మ, ఆ ఇంటి పెద్దావిడ, అరుగు దిగి వచ్చింది. ఆవిడ అడ్డపొగ చుట్ట కాలుస్తుంది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ముసలమ్మలు అప్పట్లో మా ప్రాంతంలో ఇంటికొకరు. చుట్ట నోట్లోంచి తీసి చేతిలో పట్టుకుని, ఒక అరిసె తుంచి నమిలింది. అందరూ ఆవిడ మొహం చూస్తున్నారు.

“పాకం బాగా కుదిరింది. ఏటర్రా, ముక్కులు మూసుకుంటన్నారు?” అంది.

“సేపల కంపొత్తంది మామ్మా,” అని ఎవరో సణిగారు.

ఏళ్ళ తరబడి కాల్చిన చుట్టలకు ఆవిడకు వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. అయినా ఇంకో ముక్క తుంచుకుని, తీరిగ్గా చుట్టూ చూసింది.

“సేపల ఊర్నించొచ్చిన సారి సేపల వాసన రాకపోతే సందనం వాసనొస్తాదేటే? ఎల్లండి, పంచండి.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వాకిలంతా పాకింది, చివరికి అత్త కూడా కొంగు చాటున నవ్వింది. సారె ప్రతి ఇంటికీ వెళ్ళింది. పశువులకు వేశారని తమ్ముడు అంటాడు. నేను చూసినంతలో పిల్లలు తిన్నారు. అత్తను ఆ ఊరు “సేపల సారి కోడలు” అని పిలిచేది, అదీ ముద్దుగానే. తిరిగి వస్తుంటే కారులో అమ్మ మాత్రం వదల్లేదు.

“సెల్లికి సారెట్టినారా, వలేసినారా?”

నాన్న నూనె పూయడం మానలేదు. మరుసటి ఏడాది నుంచి రోహిణి కార్తె ఎండల్లో, తలుపులూ డిక్కీ బార్లా తెరిచి, వారంపాటు టాక్సీ ఆపుకుని మరీ పూసేవాడు. ఓపిక ఉన్నంతకాలం ఒక్క వేసవి కూడా తప్పించలేదు.

మొన్న శుక్రవారం తమ్ముడు నన్ను అడగకుండానే వన్‌టౌన్‌లో రేకుపని చేసే గఫార్‌ను పిలిపించాడు. గఫార్ జాకీ పెట్టి కారు ఎత్తి, టార్చి పట్టుకుని కిందికి దూరాడు. సుత్తి కొడుతుంటే ఒక్కోచోట ఒక్కో చప్పుడు.

“పైనంతా పోయిందమ్మా. తలుపులు, మడ్‌గార్డులు కొత్తవి కట్టాలి. కింద మాత్రం గట్టిగుంది. ఏటి పూసేవోరు దీనికి?”

“సొరనూనె,” అన్నాడు తమ్ముడు.

“పిల్లులు రాలేదేటి?”

“పిల్లులా? వీధంతా కాపురమెట్టీవి.”

వాళ్ళిద్దరూ నవ్వుతుంటే నేను టార్చి తీసుకుని, వంగగలిగినంత వంగి చూశాను. నల్లగా, తారులా గట్టిపడిన పూత. అంచు దగ్గర గోటితో గీకితే పెచ్చు లేవలేదు. నాన్న పోయి ఇన్నేళ్ళైనా ఆయన చేసిన పని అక్కడ పని చేస్తూనే ఉంది. నేను మనసులో మళ్ళీ లెక్క కట్టాను. అడుగు బాగున్నా ఖర్చే ఎక్కువ, లెక్క మారలేదు. కానీ అప్పటిదాకా నేను లెక్క వేసింది సముద్రం పూర్తిగా తినేసిన కారుకు. ఆ మాట తమ్ముడితో అనలేదు. కారు ఎలాగూ కదలాలి గనుక ముందు తన రేకుపని షెడ్డుకు చేర్చమని గఫార్‌తో చెప్పి ఇంటికి వచ్చేశాను.

ఆదివారం పొద్దున గఫార్ తన వ్యానుకు ఇనుపకడ్డీతో కారును తగిలించాడు. స్టీరింగు దగ్గర తమ్ముడు, బ్రేకుకు వాడి కుడికాలు చాలు. పక్కన నేను. లాగుతుంటే ఊరు మెల్లగా వెనక్కి జరిగింది. నాన్న టాక్సీ నిలిపే స్టాండు చోట సెల్‌ఫోన్ల దుకాణాలు. ఒడ్డున పడవలు ఇప్పుడు ఫైబర్‌వి, వాటికి సొరనూనె అక్కర్లేదు. సారె అట్టపెట్టెల్లో స్వీటుషాపు పేరుతో వెళ్తోంది. అడ్డపొగ ముసలమ్మలు ఎక్కడా కనబడరు. పైడమ్మత్త లేదు, ఎర్రయ్య లేడు. తమ్ముడు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, కారు వ్యాను వెనక తిన్నగా వచ్చేలా చూస్తున్నాడు.

జగదాంబ జంక్షన్‌లో ఎర్రలైటు పడింది. పక్కన ఆగిన ఆటో అతను తల బయటపెట్టి కారును ముందునుంచి వెనకదాకా చూశాడు.

“ఏటి తాతా, తుక్కుకేనా?”

తమ్ముడు ముందుకే చూస్తున్నాడు.

“కాదు నాయనా,” అన్నాను నేను. “రిపేరుకి.”

తమ్ముడు నా వైపు తిరిగాడు.

“మరి ఆ ఫొటోల అబ్బాయికి ఏటి సెప్తావప్పా?”

“అది నా పని. నువ్వు ముందు సూడు, పచ్చలైటు పడింది.”