ఒకే గిన్నె ముందు పెద్దమ్మ

మాచర్ల దగ్గర మిరప పండించే మా పెద్దమ్మ, ఏదైనా చేయకూడదని ఎవరన్నా అంటే ఒకటే మాట అనేది: "ఏమైద్దో చూద్దాం." గ్రహణం పట్టినప్పుడు కూడా అదే మాట అని అన్నం వడ్డించుకునేది. మూఢనమ్మకాల మీద నేను వేదికలెక్కి చేసిన వాదాలన్నీ ఆ మాటకు వ్యాఖ్యానాలే.

మా ఊరివాళ్లం కొందరం చైనా చూడబోయి, చెంగ్దూలో కారానికి పేరుపడ్డ హోటల్లో కూర్చున్నాం. బల్ల మధ్య గిన్నెలో ఎర్రటి నూనె, మిరపకాయలు కుతకుత ఉడుకుతున్నాయి. అందరూ అందులోనే ముక్కలు వేసి, ఉడికాక తీసుకుని తినాలి. మాతో వచ్చిన టీచరమ్మ దళితవాడలో పుట్టిన మనిషి. ఆమె మొదటి ముక్క వేయగానే పెద్దమ్మ మేనల్లుడు, అంటే మా బావ, చేతిలో ఉన్న, ముక్కలు తీసుకునే పుల్లలు కింద పెట్టాడు.

"అందరి ఎంగిలీ ఒకే గిన్నెలోనా? నా వల్ల కాదత్తా."

ముందురోజు టీచరమ్మ లేనప్పుడు మాతో ఇలాంటి గిన్నెలోనే తిన్నవాడికి ఈవేళ ఎంగిలి ఎందుకు గుర్తొచ్చిందో అందరికీ అర్థమైంది. టీచరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమైద్దో చూద్దాం" అంటూ పెద్దమ్మ ఆమె వేసిన ముక్కనే తీసి నోట్లో పెట్టుకుంది. అక్కడి మిరియాలకు నాలుక తిమ్మిరెక్కి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశావా అత్తా!" అన్నాడు బావ.

"ఏందిరా చూసేది? మన కల్లంలో కాయలు ఏరే చేతులు ఎవురియిరా? ఆ కారం ఇన్నేళ్లూ నీ గొంతులో ఎట్టా దిగింది?" అని, టీచరమ్మ వైపు తిరిగి, "చానా బాగుందమ్మా, ఇంకోటెయ్యి" అంది.

టీచరమ్మ ఈసారి రెండు ముక్కలు వేసింది. బావ ఉత్త అన్నం తిని లేచాడు.

పెద్దమ్మకు ఏమీ కాలేదు. గిన్నె మాత్రం ఖాళీ అయింది.