పెన్ను తిరిగివ్వని మేడమ్

మా అడ్మిన్ మేడమ్ పోయారు. కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆవిడ కూతురు పెట్టిన నాలుగు లైన్ల కింద మా ఎండీ గారు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. ఆయన్ని చూసి సేల్స్ విభాగం మొత్తం బొటనవేళ్ళు ఎత్తింది. ఒక మనిషి చావుకి ఇంత ఏకగ్రీవంగా ఆమోదం తెలిపిన సంస్థలో పనిచేస్తున్నందుకు ఆ రోజంతా నాకు గర్వంగా ఉంది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. ముందు ఒక సంగతి తేలాలి. ఆవిడ నా పెన్ను కొట్టేశారు.

మాది రొయ్యల చెరువులకి మేతా మందులూ అమ్మే కంపెనీ. బెజవాడ ఆటోనగర్లో ఆఫీసు. దాదాపు రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం ఇంటర్వ్యూకి వెళ్ళాను. అప్పటికి నేను మూడు ఉద్యోగాలు వదిలేసిన అనుభవజ్ఞుణ్ణి. ఎండీ గారు నా సర్టిఫికెట్లు తిరగేసి ఏదో అడిగారు, నేనేదో చెప్పాను, ఇద్దరికీ అర్థం కాలేదు. బయటికి రాగానే బల్ల వెనక నుంచి కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని ఒకావిడ పిలిచారు.

"ఏవయ్యా, ఆ పెన్ను ఓసారి ఇలా ఇవ్వు."

మూత కొరికిన నీలం పెన్ను. ఇచ్చాను. ఆవిడ దాంతో ఏమీ రాయలేదు. సొరుగులో వేసి తాళం తిప్పారు. సోమవారం హెచ్.ఆర్.లో ట్రెయినీగా చేరాను. అప్పట్నించీ అడుగుతూనే ఉన్నాను.

"మేడమ్, నా పెన్ను."

"ఉందిలే. ఎక్కడికి పోతుంది?"

ఐదు రూపాయల పెన్ను కోసం కాదు, న్యాయం కోసం అడిగాను. నాకు న్యాయం జరగలేదు. ఆవిడకి నేను పెట్టుకున్న పేరు పెన్నుల దొంగ. ఆవిడకి తెలుసు కూడా. ఎవరి జేబులోనైనా కొత్త పెన్ను కనిపిస్తే నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవారు.

ఇక మేళా సంగతి. నిరుడు మా ఎండీ గారు పై అంతస్తు వేయించి ముప్పై కుర్చీలు తెప్పించారు. బిల్లింగుకీ, ల్యాబుకీ, రైతులతో ఫోన్లో మాట్లాడ్డానికీ ముప్పై మంది కావాలి. ప్రకటన ఇస్తే సరిపోయేది. కానీ ప్రకటనలో మైకు ఉండదు, శాలువా ఉండదు, ముఖ్య అతిథి ఉండడు. కాబట్టి జాబ్ మేళా అన్నారు.

"మండపం సగం రేటుకే ఇస్తానన్నాడు. బేరం ఎవరు చేశారనుకున్నారు?" అన్నారు మీటింగులో, తన ఛాతీ వైపే చూసుకుంటూ.

మేడమ్ క్యాలెండర్ తిప్పారు. "అప్పటికి మూఢం కదండీ, అందుకే ఇస్తాడు. పెళ్ళిళ్ళు లేక మండపాలన్నీ ఈగలు తోలుకుంటాయి."

"మనం చేసేది పెళ్ళా మేడమ్?"

"చేరేవాళ్ళకి ఉద్యోగం కొత్తదేగా అండీ. మూఢంలో కొత్త పని మొదలెట్టనివ్వరు ఇళ్ళల్లో."

"యువత మారింది మేడమ్! ఏ కాలంలో ఉన్నారు మీరు?" అన్నారు ఎండీ గారు. ఈ ఆధునికుడే కొత్త కారుని శుక్ర మూఢం పేరు చెప్పి రెండు నెలలు షోరూములోనే నిలబెట్టించారు. డబ్బులు కట్టి మరీ.

నేనూ ఇకిలించాను. బీటెక్ చదివినవాణ్ణి. మంచిరోజులు చూసుకుని చెప్పులు తొడుక్కునే జాతంటే నాకు అప్పట్లో మహా చులకన. అప్పుడే ఎండీ గారు నా కుర్చీ వైపు చూశారు.

"ముప్పై కుర్చీలూ నిండాలోయ్. నిండకపోతే ముప్పై ఒకటోది కూడా ఖాళీ చేయించాల్సొస్తుంది."

ముప్పై ఒకటోది నాది. నవ్వు సగంలో ఆగింది.

మూఢం మొదలవడానికి నాలుగు రోజుల ముందు మేడమ్ నన్ను వెంటబెట్టుకుని మూడు కాలేజీలు తిరిగారు. పేర్ల నమోదు అన్నారు. తీరా చూస్తే, ఫారం నింపిన ప్రతివాణ్ణీ ఆపి, "ఆ రాసిన పెన్ను ఇక్కడ పెట్టి పో నాయనా" అంటున్నారు. ఒక్కో పెన్నుకీ దారంతో పేరు రాసిన చీటీ కట్టారు. రెండు అట్టపెట్టెలు నిండాయి. అవి నెత్తిన పెట్టుకుని మోస్తూ, పిల్లలు నవ్వుతుంటే ఆవిడ వెనక నడిచింది నేను. దొంగతనం జిల్లా స్థాయికి చేరిందనీ, నేను కూలీగా మారాననీ స్నేహితులకి మెసేజ్ పెట్టాను.

మేళా రోజు మండపం వేదిక మీద పాత పెళ్ళి తాలూకు థర్మోకోల్ హంసలు రెండు అలాగే ఉన్నాయి. వధూవరుల ఎర్ర సింహాసనాల్లో ఎండీ గారూ ముఖ్య అతిథీ కూర్చున్నారు. హంసల ముక్కుల మధ్య "మీ భవిష్యత్తు ఇక్కడే మొదలు" అని బ్యానరు. ముఖ్య అతిథి గంటసేపు యువతకి సమయం విలువ చెప్పారు. ఆ గంటా యువత ఎండలో క్యూలో నిలబడి ఆ విలువ తెలుసుకుంది. నలుగురు ఇంటర్వ్యూ చేసేవాళ్ళు, నాలుగు బల్లలు, అన్ని బల్లల దగ్గరా ఒకటే ప్రశ్న: "నీ గురించి నువ్వు చెప్పు." ఏం చెప్పినా ఎవరూ విన్న దాఖలా లేదు. మేడమ్ ఒక్కరే వేదిక ఎక్కకుండా గేటు దగ్గర మజ్జిగ గ్లాసులు అందిస్తూ, పిల్లల వెంట వచ్చిన తల్లుల దగ్గర ఫోన్ నంబర్లు రాసుకున్నారు.

"పిల్లల్ని ఎంచుకోవడం పావుగంట పనయ్యా. అసలు ఇంటర్వ్యూ తల్లులది. అది మనం ఇవ్వాలి," అన్నారు.

ముప్పై మందికి ఆఫర్ లెటర్లు ఇచ్చాం. ఫోటోలు దిగాం. సోమవారం నలుగురు వచ్చారు. మిగతా ఇరవై ఆరు కుర్చీల మీదా ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. నేను ఫోన్లు చేశాను. ఒక్కటే జవాబు, యాస కూడా మారలేదు.

"మూఢమండీ. అమ్మ వద్దంటోందండీ. వెళ్ళాక చేరతామండీ."

మూఢం వెళ్ళేసరికి వీళ్ళని వేరేవాళ్ళు ఎగరేసుకుపోతారు. ఎండీ గారు పైకి వచ్చి కవర్లని చూసి, "శనివారం దాకా టైమిస్తున్నాను," అని చెప్పి కిందకి వెళ్ళారు. మూఢాన్ని ఏం అనలేక నన్నన్నారు. నేను ఇంటికి ఫోన్ చేసి నాలుగో ఉద్యోగమూ పోతోందని అమ్మకి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

మేడమ్ ఆ రెండు అట్టపెట్టెలూ బల్ల మీదకి ఎత్తించారు. ఫోన్ తీసుకున్నారు. మొదటి నంబరు కొల్లేటి వైపు ఊళ్ళో చేపల వ్యాపారం చేసుకునే ఒకావిడది. కూతురు ల్యాబుకి ఎంపికైంది.

"అమ్మా, మీ అమ్మాయిని ఇప్పుడు చేరమనట్లేదమ్మా. తను ఎప్పుడో చేరిపోయింది."

అవతల నుంచి ఏదో అరుపు.

"అయ్యో, కోప్పడకండి. మూఢం రాకముందే, మంచి దశమి రోజున, మీ అమ్మాయి పెన్ను మా ఆఫీసుకి వచ్చేసిందమ్మా. ప్రస్థానం పెట్టినట్టే. మీకు తెలీందేముంది?"

పాఠకుల్లో నాలాంటి బీటెక్కులుంటే, వాళ్ళ కోసం: మంచిరోజున ప్రయాణం కుదరకపోతే ఆ రోజే సంచో కండువానో పక్కింట్లో పెట్టి వస్తారు. మనిషి తర్వాత ఎప్పుడు కదిలినా, ప్రయాణం ఆ మంచిరోజునే మొదలైనట్టు. అదీ ప్రస్థానం.

"పెన్ను నేను చూడాలి," అంది ఫోన్లో అవతలి గొంతు.

"రండి. భోజనం కూడా ఇక్కడే."

మర్నాటి నుంచి మా ఆఫీసు గేటు దగ్గర తల్లులు. చీటీ మీద పేరు చదివించుకుని, పెన్నుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మావాడిదే, ఆ క్లిప్పు వాడే విరక్కొట్టాడు," అని ఒకావిడ గుర్తుపట్టింది కూడా. శుక్రవారానికి ముప్పై కుర్చీలూ నిండాయి. ముప్పై ఒకటోది మిగిలింది. ఎండీ గారు తన బేరం గురించి ఆ వారమంతా చెప్పుకున్నారు.

"మీరు నమ్ముతారా మేడమ్ ఇవన్నీ?" అని అడిగాను.

"దివ్యమైన ముహూర్తానికి జరిగిందయ్యా నా పెళ్ళి. మా ఆయన్ని నువ్వు చూడలేదుగా," అని పకపకా నవ్వారు. తర్వాత, "వాళ్ళ నమ్మకం వాళ్ళది. ఖాళీ కుర్చీ మాత్రం మనది," అన్నారు.

ఆ సందట్లో పెట్టెలు రెండూ గాలించాను. నా పెన్ను లేదు. "మంచి సొత్తూ దొంగసొత్తూ ఒకచోట పెడతామటయ్యా!" అన్నారు. మూఢం వెళ్ళాక ఎవరి పెన్ను వాళ్ళకి తిరిగిచ్చేశారు. నాది తప్ప.

ఆవిడ పోయిన రోజు సాయంత్రం పామర్రులో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. పాత కక్ష కొద్దీ, చివరిదాకా నా పెన్ను ఇవ్వలేదే అన్నాను. అమ్మ ఏడుస్తోంది. ఎప్పుడూ చూడని మనిషి కోసం.

"ఎందుకిస్తుందిరా? నేనే ఇవ్వొద్దన్నాను."

"నువ్వా?"

"నువ్వు చేరిన సోమవారం ఏవిటనుకున్నావు? మూఢం! ఆ ముందు రోజే మొదలైంది. నీతో చెప్పలేదు గానీ, పంపకూడదనే అనుకుని కూర్చుంటే, నీ ఫారంలో నంబరు చూసి ఆవిడే ఫోన్ చేసింది. మీవాడి పెన్ను శుక్రవారమే చేరిపోయిందమ్మా అంది. లేకపోతే నిన్ను గడప దాటనిచ్చేదాన్నా? మూఢం వెళ్ళాక తిరిగిస్తానంటే, వద్దమ్మా, వీడు మూడుచోట్ల నిలవలేదు, ఆ పెన్ను అక్కడే ఉండనివ్వండి, వీడూ ఉంటాడు అన్నాను."

నేను ఇకిలించిన ఆ జాతిలో మొదటి పేరు నాదే.

ఎండీ గారు మళ్ళీ మేళా అంటున్నారు. మళ్ళీ మూఢమే, మండపం మళ్ళీ సగం రేటే. ఈసారి ముందే పెన్నులు ఏరినవాళ్ళు లేరు. మేడమ్ సీట్లోకి కొత్తావిడ వచ్చారు. మొన్న తాళం తీసి సొరుగులో కాగితాలన్నీ సర్దుతూ, మూల నుంచి ఒకటి పైకెత్తి చూపించారు. మూత కొరికి ఉంది. దారం, చీటీ, మేడమ్ గుండ్రటి అక్షరాల్లో నా పేరు.

కొత్తావిడ కాగితం మీద రెండుసార్లు గీసి చూశారు. "ఇంకు ఎండిపోయిందండీ. పారెయ్యనా?"

"వద్దండీ," అన్నాను. "తాళం వేసెయ్యండి."