ట్యాంకరు ఎటు పోయింది

ఆదెప్ప బెళుగుప్పలో పత్రికా విలేకరి. వేరుశనగ చేను ఎండితే ఎండింది గానీ, తన వార్త అచ్చయిన రోజు అతనికి పండుగే. ‘కరువు రక్కసి కరాళ నృత్యం’ అని మొదలుపెడితే చదివేవాళ్ళ గుండె కరిగిపోవాలని అతని ఆశ. అనంతపురం ఆఫీసులో వార్తలు దిద్దే వెంకటేశులు మాత్రం ఆ రక్కసిని ఎప్పటికప్పుడు కొట్టేసేవాడు.

“రక్కసి యాడుండాదప్పా? ఎవరికి ఏమైందో రాయి. మీ అవ్వకు చెప్పినట్ల రాయి,” అనేవాడు ఫోన్లో.

మొదట్లో ఆదెప్పకు ఒళ్ళు మండేది. పోనుపోను మాట తగ్గించి సంగతి చెప్పడం నేర్చుకున్నాడు.

రెండువేల మూడు ఎండాకాలంలో పక్క పల్లెలో తిప్పమ్మ అనే కూలిమనిషి చనిపోయింది. ఊరికి నీళ్ళ ట్యాంకరు రాక, అడుగంటిన బావిలోకి దిగి చెంబుతో నీళ్ళు తోడుతుంటే దరి విరిగి మీద పడింది. ఆదెప్ప పోయేసరికి ఆమె మొగుడు కుళ్ళాయప్ప బావి గట్టున కూర్చుని ఉన్నాడు.

“ట్యాంకరు ఎందుకు రాలేదన్నా?”

“నీకు తెలీదా సామీ? మీ మామ చీనీ తోటకు పోతాండాది.”

బత్తాయి చెట్లు పెంచుతున్న ఆ ఊరి సర్పంచి బయ్యన్న, ఆదెప్పకు పిల్లనిచ్చిన మామ. డ్రైవరునడిగితే అతనూ అదే చెప్పాడు. చివరికి మామనే అడిగాడు. బయ్యన్న దాచలేదు.

“బిడ్డల్లెక్క సాకిన చెట్లప్పా. ఎండితే మళ్ళా వస్తాయా? మనుషులైతే నీళ్ళు యాడన్నా తెచ్చుకుంటారు. కరువని రాసెయ్. చంపింది కరువే కదా.”

ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే, చాన్నాళ్ళ తర్వాత ఆ రక్కసి మళ్ళీ కలం మీదికొచ్చింది. ‘కరువు రక్కసి మరో ప్రాణాన్ని బలిగొంది’ అని రాసి చూసుకున్నాడు. అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ ఆ వాక్యంలో తిప్పమ్మ లేదు, ట్యాంకరు లేదు, మామ లేడు. కాగితం చించేశాడు. మళ్ళీ రాశాడు.

‘ఊరికి రావలసిన నీళ్ళ ట్యాంకరును సర్పంచి బయ్యన్న తన చీనీ తోటకు తిప్పుకున్నారు. తాగను నీళ్ళు లేక బావిలోకి దిగిన తిప్పమ్మ, దరి కూలి చనిపోయింది.’

కింద మామ అన్న మాటలూ ఉన్నవున్నట్టు పెట్టాడు.

వార్త అచ్చయ్యాక అధికారులు వచ్చారు. ట్యాంకరు ఊరి దారి పట్టింది. కుళ్ళాయప్ప ఎవరిచేతో చదివించుకుని, “ఇట్లే జరిగింది” అని మాత్రం అన్నాడట. ఆదెప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ ఆ పూటే పుట్టింటికి పోయింది. తోట ఎండి, చెట్లు కట్టెలకు కొట్టేశాక తిరిగొచ్చింది.

“నాయన పేరు రాయకుంటే నీ చెయ్యి విరిగిపోతాండెనా?” అంది.

“పేరు లేకుంటే ట్యాంకరు ఎటు పోయిందో ఎట్ల చెప్పేది?”

ఆమె గోడకానుకుంది. “అర్థం కాకుండా రాసింటే బాగుండు. మా నాయన అట్లాంటోడు కాదని అనుకుంటా బతికేదాన్ని.”

బయ్యన్న మళ్ళీ అల్లుడి గడప తొక్కలేదు. ఆదెప్ప వార్తలు రాస్తూనే ఉన్నాడు. పేరు రాయవలసిన చోట కాసేపు కలం ఆగుతుంది, తర్వాత రాస్తాడు.